మూత

తెల్లారుజాము మూడున్నరకి మద్దిలపాలెంలో
బండి అద్దం తుడుస్తుంటే వచ్చారు నలుగురు.
ముందు సీట్లో కూర్చున్నది ప్రభంజన్ గారు.
బెల్టు పెట్టుకుంటూనే అడిగాడు,
"కొండ మీద మనకీ తెల్ల వైన్ ఉందట కదా?"
వైన్ కాదు సార్, జీలుగు కల్లు.
"రెండూ ఒకటేలే," అని కళ్లు మూసుకున్నాడు.

పెందుర్తి, కొత్తవలస నిద్రలోనే దాటేశారు.
శృంగవరపుకోటలో టీకి లేపితే
ఒక్కడే దిగాడు, చెప్పులు మర్చిపోయి.
తైడ దాటాక మంచు రోడ్డుకి అడ్డంగా పడుకుంది,
గొర్రెల మందలాగ.
హారన్ కొడితే లేవదు.
మెల్లగా తోసుకుంటూ పోవాలి.

అనంతగిరి పైన, కాఫీ తోట చివర
పాంగి గాసన్న నడుముకి కత్తి, భుజానికి ఆనపకాయ బుర్ర,
అప్పుడే చెట్టు దిగుతున్నాడు.
నేను జాలారిపేటలో పుట్టినోణ్ణి.
జీలుగాకు నాకెప్పుడూ చేపతోకే.
గాలి వీస్తే ఆకాశంలో వల లాగినట్టుంటుంది,
లోపల వందల తోకలు కొట్టుకుంటూ.

వేలాడే పూగెలల్ని చూసి
"జడలా ఉంది," అంది వెనకసీటు ఆవిడ.
గాసన్న నవ్వలేదు.
"ఇది పైనుంచి పూస్తాది అమ్మా.
ఒక్కో గెలా కిందికి దిగుతాది.
మా బుద్రి పుట్టిన్నాడు నెత్తి మీద గెల.
దానికి ఐదేళ్లొచ్చాయి, ఇది నడుం కాడికొచ్చింది.
అడుగు గెల అయిపోయిన్నాడు
చెట్టూ అయిపోతాది."
బుద్రి అక్కడే ఉంది,
కాలితో మట్టిలో సున్నా గీసి చెరుపుతోంది.

అడ్డాకు దొప్పల్లో పోశాడు.
పాలకంటే పల్చన, గంజికంటే తెలుపు,
అంచున చిన్న నురగ.
పొద్దు ముదరక ముందు తీపి.
మధ్యాహ్నానికి దానికీ కోపమొస్తాది, అన్నాడు.
నలుగురూ తాగారు.
నాలుగో దొప్పకి ప్రభంజన్ గారు ఫోను తీసి
లోయని చూపిస్తూ ఎవరితోనో
"ఇక్కడ నాలుగు గదులు కడితే," అని మొదలెట్టి,
సిగ్నల్ పోయి, లోయనే చూస్తుండిపోయాడు.
చాలాసేపు.
ఆ మనిషి మాట్లాడకుండా ఉండటం
పొద్దుట్నుంచీ అదే మొదలు.

నాకూ ఒక దొప్ప చాపాడు గాసన్న.
పదకొండేళ్లుగా చాపుతూనే ఉన్నాడు,
స్టీరింగ్ పట్టినోడికొద్దని నేనూ అంటూనే ఉన్నాను.

పోయేముందు నీళ్ల సీసా ఖాళీ చేసి
నిండా పోయించుకున్నాడు ప్రభంజన్ గారు.
హోటల్లో ఐసు వేసుకుంటాడట.
"మూత బిగించకండి సారూ,
దీనికి ఊపిరాడాలి."
"కారంతా ఒలికిపోదూ?" అని
రెండు చేతులతో తిప్పి తిప్పి బిగించాడు.

కాశీపట్నం పైన మూడో మలుపులో పేలింది.

అద్దం మీద, నూకాలమ్మ పటం మీద,
ఆయన కళ్లజోడు మీద
తెల్లటి నురగ.
ఎవరూ తిట్టుకోలేదు.
కాసేపటికి వెనకసీటు ఆవిడ నవ్వింది,
ఆ నవ్వు బొడ్డవర దాకా ఆగలేదు.

బీచ్ రోడ్డులో దింపినప్పుడు
చెప్పిన దానికన్నా ఐదొందలు ఎక్కువిచ్చాడు.
"సీటు కడిగించుకో," అన్నాడు.
ఆ ఖాళీ సీసా మాత్రం పారెయ్యలేదు,
చంకలో పెట్టుకుని లిఫ్టెక్కాడు.

పడవలు లాగిపెట్టిన ఇసక పక్కన
బకెట్టూ గుడ్డా తీసుకుని కూచున్నాను.
గేరు పక్క సందులో ఇంకా కొంచెం తడి.
వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను.
పులుపు.
వెనకే ఎక్కడో, చాలా దూరంలో, తీపి.
లేకపోతే అది నా వేలి ఉప్పేమో.

ఇంటికెళ్తే అమ్మ గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చింది.
"తాగొచ్చావేట్రా?"
"లేదమ్మా. కొండ ఒలికింది."
నమ్మలేదు.
చేపలపులుసు మాత్రం రోజూకన్నా ఒక గరిటె ఎక్కువేసింది.